కల్లంలో ఆరేసిన గుడ్డలు

సలోమి నా మనవరాలు, పదో తరగతి. ఫిబ్రవరి నెలాఖరులో ఒక సోమవారం పొద్దున బడికి వెళ్లిన పిల్ల గంట తిరక్కుండా ఇంటికి వచ్చేసింది. పుస్తకాల సంచి గుమ్మంలో పడేసి, స్నానాల గదిలో దూరి తలుపేసుకుంది. లోపల చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఒక బకెట్టు అయిపోయింది. రెండోది మొదలైంది. మా రెంటచింతలలో ఫిబ్రవరికే ఎండ నెత్తి మీదకొస్తుంది, నీళ్లు చూసి చూసి వాడుకుంటాం. అందుకని తలుపు దగ్గరికి వెళ్లి అరిచాను.

"ఏమే సలోమీ, ఏందే ఆ నీళ్లు? సోమవారం పూట తలంటుకుంటన్నావా ఏంది?"

"మంట నాయనమ్మా."

"యాడ మంట?"

అంతకు ముందు రోజే దానికి నెలసరి వచ్చింది. ఇక నేను రెండోసారి అడగలేదు.

ఈ పిల్ల ఏడ్చే రకం కాదు. ఐదేళ్లప్పుడు ట్రాక్టరు ట్రాలీ తలుపులో వేలు నలిగితే, పెదవి బిగబట్టుకుని వచ్చి, ఊదమని ఆ వేలు నా నోటి దగ్గర పెట్టింది. అట్లాంటిది తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. కూర్చోలేదు. మంచం మీద బోర్లా పడుకుని దిండు కొరుకుతూ ఉండిపోయింది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది.

నా కోడలు లూర్దు మిరప కోత నుంచి వచ్చి, పిల్లని చూసి, కాళ్లు కూడా కడుక్కోకుండా పక్కన కూలబడింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురం మాచర్ల బస్సెక్కాం. బస్సులో ఎవరో పిల్లవాడు లేచి సీటిచ్చాడు. సలోమి కూర్చోలేదు. మాచర్ల దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా దాని వేళ్లు తెల్లబడటం చూస్తూ నేను కూర్చున్నాను.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు పిల్లని లోపలికి తీసుకెళ్లి చూసి వచ్చింది. ముఖం చిట్లించుకునే ఉంది.

"కాలినట్టు పొక్కింది. ఏదో ఘాటు పదార్థం తగిలుంటుంది. నెలసరికి ఏం వాడుతున్నారు?"

"గుడ్డయి మేడం. మా ఊళ్లోనే ఒకామె కుడతంది," అంది లూర్దు.

"గుడ్డవి వాడితే తప్పేం లేదు. శుభ్రంగా ఉతికి ఎండలో, గాలి తగిలేలా ఆరేస్తున్నారా?"

సలోమి నా వైపు చూసింది. ఒక్క చూపే. తర్వాత నేల చూసుకుంది.

"ఎండలోనే మేడం," అన్నాను నేను. "మా ఊళ్లో ఎండకేం కొదవ?"

డాక్టరు నవ్వి, ఆయింట్‌మెంటు రాసి, తగ్గేదాకా పాతవి వాడొద్దు, చల్లటి నీళ్లతో కడుక్కో అని పంపించింది. బయట మెట్లు దిగుతుంటే లూర్దు పళ్లు కొరికింది. "గుడ్డ వల్లే వచ్చింది. మాబున్నీసాని నమ్మి పిల్లకి పెట్టినందుకు నన్ను నేనే అనుకోవాలి." డాక్టరు ఆ మాట అనలేదు. కానీ తల్లి చెవికి అట్లాగే వినపడింది.

మాబున్నీసా మా వీధి చివర ఉంటుంది, దర్జీ. భర్త లేడు, ఒక కూతురు. ఇరవై ఏళ్లుగా మా జాకెట్లు ఆమే కుడుతుంది. ఈ గుడ్డ ప్యాడ్ల పని ఆమె ఎత్తుకోవడానికి మా పొలం కూడా ఒక కారణం. లూర్దు కొత్త కోడలిగా వచ్చినప్పటి నుంచి దుకాణంలో కొన్న ప్యాడ్లే వాడేది. వాడినవి కవర్లో చుట్టి, పొలం గట్టు కింద గుంట తీసి పూడ్చేది. మంచి పనే అనుకున్నాం. నాలుగేళ్ల కిందట చిన్నప్ప, అంటే నా కొడుకు, ఆ గట్టు తీసి చేలో కలుపుకుందామని ట్రాక్టరుకి రోటవేటర్ తగిలించి దున్నాడు. దాని పళ్లకి చుట్టుకుని ఆ ప్యాడ్లు పైకొచ్చాయి. పదేళ్ల నాటివి కూడా. ప్లాస్టిక్ పొర చెక్కు చెదరలేదు, లోపలిది నాని ఉబ్బి ముద్దలు ముద్దలుగా ఉంది. వాడు ట్రాక్టరు ఆపి, పుల్లతో ఒక్కొక్కటే లాగి పడేశాడు. మధ్యాహ్నం కూటికి వచ్చినప్పుడు పెళ్లాం ముఖం చూడలేదు, నన్నే అడిగాడు.

"ఏందమ్మా, అయి మట్టిలో కలవ్వా?"

మా కాలంలో మేం పూడ్చిన నూలు గుడ్డని నేల ఒక్క వానాకాలంలో తినేసేది. ఇవి నేల తినదు. కాలువలో వేస్తే కాలువా తినదు. సాగర్ నీళ్లు వదిలిన మొదటి రోజు మా మేజరు కాలువలో నీళ్లకంటే ముందు వచ్చేవి నల్ల కవర్లే. తూములకి అడ్డం పడి, మగవాళ్లు కర్రలతో లాగి, ఊళ్లో ఆడవాళ్లందరినీ కలిపి తిట్టేవాళ్లు. తగలబెడితే ఆ పొగకి దగ్గర్లో నిలబడలేం.

ఇదంతా ఒకరోజు జాకెట్ కొలతలు ఇస్తూ మాబున్నీసాతో చెప్పాను. ఆమె టేపు మెడలో వేసుకుని విన్నది. తర్వాత కొన్నాళ్లకి నరసరావుపేట వెళ్లి పది రోజులు ఉండి నేర్చుకుని వచ్చింది. అడుగున తడి దిగని గుడ్డ, మధ్యలో తువ్వాలు గుడ్డ పొరలు, పైన మెత్తటి నూలు, రెక్కలకి టిచ్ బటన్లు. మొదట తన కూతురికి కుట్టింది. ఏడాది చూసి, అప్పుడు మాకు చెప్పింది. ఆరు ముక్కల జత ఒకటి కుట్టించుకుంటే రెండు మూడేళ్లు వస్తుంది. లూర్దు ముందు నుంచీ, సలోమి ఈ డిసెంబరు నుంచీ వాడటంతో మా ఇంట్లో నెలనెలా ప్యాకెట్లకి పోసే డబ్బు ఆగింది. ఆ మిగిలినదాంతోనే లూర్దు సలోమికి పరీక్షల గైడ్లు కొన్నది. మమ్మల్ని చూసి కోతకొచ్చే ఆడవాళ్లూ కుట్టించుకున్నారు, ఎందుకంటే చేలో మార్చుకున్నది ఎక్కడ పారేయాలన్న బాధ తప్పింది. ఇక ఈ ఏడు హైస్కూలు టీచరమ్మ కూడా ఆడపిల్లలకి యాభై జతలు కావాలని చెప్పి పంపింది. మాబున్నీసా జీవితంలో అంత పెద్ద పని ఆమెకి ఎప్పుడూ రాలేదు.

మేం మాచర్ల నుంచి వచ్చేసరికి ఇంకో సంగతి తెలిసింది. మా కోతకొచ్చే వనజ కూతురికీ మంట, లక్ష్మీతిరుపతమ్మ కూతురికీ మంట. ముగ్గురూ ఒకే తరగతి, ఒకే బెంచీ. బుధవారం పొద్దున ముగ్గురు తల్లులూ కలిసి మాబున్నీసా ఇంటికి వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను.

మాబున్నీసా మెషిన్ మీద ఉంది. రంజాన్ నెల, ఉపవాసం ఉంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తిరుపతమ్మ తెచ్చిన సంచి మెషిన్ మీద బోర్లించింది. ముక్కలు కొన్ని కింద పడ్డాయి.

"నీ గుడ్డలు నువ్వే పెట్టుకో. మా పిల్ల నడవలేకపోతంది."

"ఏమైంది తిరుపతమ్మా?"

"ఏమైందా? మూడిళ్లల్లో ముగ్గురు పిల్లలు మంచాలెక్కారు. ఏం గుడ్డ తెచ్చి కుట్టావు? ఏం రంగులు పూశారో దానికి!"

"తెల్ల నూలేనమ్మా. మా పిల్ల మూడేళ్ల నుంచి ఇయ్యే వాడతంది. ఒక్క పొక్కు లేదు."

"నీ పిల్లకి మంచి గుడ్డ. మా పిల్లలకి చవక గుడ్డ."

మాబున్నీసా వంగి, కింద పడ్డ ముక్కలు ఒక్కొక్కటే ఏరి ఒళ్లో పెట్టుకుంది. వనజ కాస్త మెత్తటి మనిషి, పక్కకి చూసింది. లూర్దు మాత్రం, "నా బిడ్డకి పదో తరగతి పరీక్షలు మాబున్నీసా. కూర్చుని రాయాలి," అంది. ఆ ఒక్క మాట తిట్టుకంటే ఎక్కువ తగిలినట్టుంది ఆమెకి.

నేను లూర్దు వెనక నిలబడ్డాను, ఒక్క మాట అనలేదు. అప్పటికి నాకు తెలియదు కదా అని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆసుపత్రిలో సలోమి నన్ను చూసిన చూపు నాకు అప్పటికే తెలుసు.

ఆ సాయంత్రమే మాబున్నీసాకి టీచరమ్మ నుంచి ఫోనొచ్చింది. ఊళ్లో ఇట్లా అంటున్నారు కాబట్టి ఆ యాభై జతలు ప్రస్తుతానికి ఆపమన్నది.

గురువారం నేను కల్లానికి వెళ్లాను. కల్లం అంటే ఊరి బయట మా ఆరబోత చోటు. పరదా పట్టా పరిచి దాని మీద మిరపకాయ పోసి, పదీ పదిహేను రోజులు ఎండబెట్టి, రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయ ఏరి, బస్తాలకెత్తుతాం. ఎర్రగా ఎకరం మేర పరుచుకుని ఉంది కాయ. వచ్చే ఆదివారం కాయ చూడటానికి బేరగాడు వస్తానన్నాడు. ఏడాది పంటంతా అక్కడే ఉంది.

తూర్పు మూల పట్టా అంచు మడిచి కాయ మీదకి కప్పి ఉంది. గాలికి లేవకుండా దాని మీద రెండు రాళ్లు. కాయ ఆరాలంటే మడత ఉండకూడదు, ఎవరు మడిచారబ్బా అనుకుంటూ రాయి తీసి అంచు ఎత్తాను. కింద గుడ్డ ముక్కలు. నీలం పూలవి సలోమివి. పచ్చవి, గళ్లవి తక్కిన పిల్లలవి. ఎనిమిది ముక్కలు మిరపకాయల మీద వరసగా పరిచి ఉన్నాయి. ఎర్రటి దుమ్ము వాటి కుట్లలో, పొరల్లో దిగి ఉంది. ఒకటి చేతిలోకి తీసుకుని నలిపి చూశాను. ఆ చేత్తోనే ముఖం మీద చెమట తుడుచుకున్నాను. కన్ను భగ్గుమంది.

అక్కడే కూలబడ్డాను. ఒక కన్ను నీళ్లు కారుతుంటే రెండో కంటితో ఆ ముక్కల్ని చూస్తూ కూర్చున్నాను.

ఆ చోటు సలోమికి చూపించింది నేనే.

డిసెంబరులో జత తెచ్చుకున్న రోజు మాబున్నీసా దానికి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "ఎండలో, గాలి తగిలేచోట ఆరెయ్యాలమ్మా. దాచి ఆరేస్తే గుడ్డ చెడద్ది." ఇంటికొచ్చి పిల్ల ముందు వాకిట్లో దండెం మీద వేయబోతే నేనే చెయ్యి పట్టుకున్నాను. "సిగ్గు లేదా నీకు? మీ నాన్న ఈ వాకిట్లోనే కదా తిరిగేది. కల్లంలో పట్టా మడత కింద పెట్టు. సెగకి ఆరతాయి. ఎవరి కంటా పడవు. మేమందరం అట్టా ఆరేసుకున్నోళ్లమే."

లూర్దు తనవి రోజూ వెళ్లే చేలోనే కంప మీద ఆరేసుకుంటుంది, బడికి పోయే పిల్లకి ఆ వీలు లేదు. మేమందరం కల్లంలో ఆరేసుకున్నది నిజమే. కానీ నేను ఆ మాట అన్నప్పుడు నా కళ్ల ముందున్నది యాభై ఏళ్ల కిందటి కల్లం. అప్పుడు మాకు మిరప ఎక్కడిది? జొన్న. కల్లంలో చొప్ప పరుస్తారు. నేనూ, మా తోడికోడళ్లూ ఉతికిన గుడ్డలు ఆ చొప్ప కింద దోపేవాళ్లం. జొన్నచొప్ప వేడిగా, పొడిగా ఉంటుంది, తీపి వాసన వేస్తుంది. గుడ్డకి ఒక్కోసారి నూగు అంటుకుని దురద పెట్టేది, అంతే. డిసెంబరులో సలోమికి చెప్పినప్పుడు కల్లం ఖాళీగానే ఉంది. జనవరి చివర్లో మొదటి కోత కాయ వచ్చి పడింది. పిల్ల నేను చెప్పిన చోటే, నేను చెప్పినట్టే ఆరేసింది. దాచుకున్న చోటు బాగుందని స్నేహితురాళ్లకీ చెప్పింది. ఆ జనవరిలో ఆరినవే ఫిబ్రవరిలో కట్టుకున్నారు, కావలసినవి తీసుకోగా తక్కినవి అక్కడే దాచి ఉంచారు.

రోజూ ఆ కాయ నా కాళ్ల కిందే ఉంది. రోజూ తుమ్ముతూనే ఉన్నాను. అయినా తట్టలేదు.

గుడ్డలన్నీ ఏరి కొంగులో కట్టుకుని ఇంటికొచ్చాను. సలోమి మంచం మీద ఒత్తిగిలి పుస్తకం చూస్తోంది.

"ఆస్పత్రిలో నన్నెందుకు చూశావే?"

"నువ్వు చెబుతావనుకున్నా నాయనమ్మా."

"నువ్వే చెప్పొచ్చుగా."

"నువ్వు సిగ్గు లేదా అన్నావుగా."

పిల్ల మళ్లీ పుస్తకంలోకి చూసింది.

అప్పుడే వెళ్లి చెప్పేయాల్సింది. చెప్పలేదు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. మాబున్నీసా మాట నిలబెట్టాలంటే, గుడ్డలు మా మిరపకాయ మీద ఆరాయని చెప్పాలి. చెబితే ఆ మాట మధ్యాహ్నానికి ఊరంతా, సాయంత్రానికి బేరగాడి చెవిన పడుతుంది. ముట్టుగుడ్డలు ఆరేసిన కాయ ఎవడు కొంటాడు? చిన్నప్ప నవంబరు నుంచి చేలోనే పడుకున్నాడు ఆ పంట కోసం. ఆదివారం బేరగాడు వచ్చి వెళ్లాక చెబుతాను అనుకున్నాను. ఈలోపు పిల్లకి తగ్గుతుంది, ఊళ్లో వాళ్లు మరిచిపోతారు అని కూడా అనుకున్నాను. అనుకోవడానికి ఎన్నైనా అనుకోవచ్చు.

శుక్రవారం చర్చిలో సిలువమార్గం ప్రార్థన. తపస్సుకాలం కదా, ఊళ్లో సగం మంది అక్కడే. నాకు మోకాళ్లు వంగవు, బెంచీ చివర కూర్చుంటాను. అయ్యాక కొందరు పాపసంకీర్తనానికి, అంటే ఫాదరుకి తమ తప్పులు చెప్పుకోవడానికి, నిలబడ్డారు. నేనూ లేచి వరసలో నిలబడ్డాను. ఫాదరుకి చెబితే గుండె బరువు దిగుతుంది. ఆయన ఎవరికీ చెప్పడు. నా ముందు ముగ్గురు ఉన్నారు, ఇద్దరయ్యారు, అప్పుడు తట్టింది. ఆయన ఎవరికీ చెప్పడు. చెప్పకపోతే మాబున్నీసాకి ఏం ఒరిగింది? వరసలోంచి తప్పుకుని బయటికొచ్చేశాను.

శనివారం తెల్లారగానే మాబున్నీసా ఇంటికి వెళ్లాను. ఆమె వసారాలో నేల మీద కూర్చుని ఉంది. పక్కన బడి కోసం కుట్టిన ప్యాడ్ల కుప్ప. చేతిలో చిన్న కత్తెర. కుట్లు విప్పుతోంది. విప్పిన పొరలు ఒక పక్క, తీసేసిన టిచ్ బటన్లు గిన్నెలో.

"ఏం చేత్తన్నావమ్మాయ్?"

"తువ్వాలు గుడ్డ దండగెందుకు అత్తా. దిండు గలీబులకి వాడతా."

"ఎన్ని విప్పావు?"

"ఇరవై."

నేను పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. పట్టా మడత, మిరపకాయ, డిసెంబరులో నేనన్న మాట, ఆసుపత్రిలో నేనన్న మాట, గురువారం చూసి రెండు రోజులు నోరు మూసుకోవడం. ఏదీ దాచలేదు. కొంగులో కట్టుకొచ్చిన ముక్కలు ముందు పెట్టాను. ఆమె ఒకటి తీసి వాసన చూసింది. దగ్గొచ్చి పక్కకి తిరిగింది.

"గురువారం తెలిసింది నీకు," అంది అటు తిరిగే.

"ఆ."

"గురువారం నేను ఒక్క కుట్టు కూడా విప్పలేదత్తా. నిన్న మొదలుపెట్టా."

ఆ మాటకి నేను తలెత్తలేకపోయాను.

"తప్పయిందే అమ్మాయ్."

"నాకెందుకు చెబుతన్నావు? నా గుడ్డలో తప్పు లేదని నాకు తెలుసుగా. తెలియనోళ్లు యాడున్నారో నీకు తెలుసు." కత్తెర మళ్లీ తీసుకుంది. కానీ కుట్టు విప్పలేదు, చేతిలో పట్టుకుని కూర్చుంది.

అక్కడి నుంచి నేరుగా కల్లానికి నడిచాను. పదిహేను మంది ఆడవాళ్లు ముక్కులకి గుడ్డలు చుట్టుకుని వరసగా కూర్చుని తాలు కాయ ఏరుతున్నారు. వనజ, తిరుపతమ్మ, లూర్దు అందరూ అక్కడే. చిన్నప్ప గోనెసంచులు దులుపుతున్నాడు.

"ఒక్క నిమిషం చేతులాపండే అందరూ."

"ఏందత్తా, కూలి పెంచుతావా?" అంది తిరుపతమ్మ. అందరూ నవ్వారు.

"మీ పిల్లకి మంట నా వల్ల వచ్చిందే తిరుపతమ్మా. మాబున్నీసా గుడ్డ వల్ల కాదు."

నవ్వు ఆగిపోయింది. నేను తూర్పు మూల చూపించి చెప్పాను. కొడుకు ముందు ముట్టు అనే మాట నేను పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ అనలేదు. ఆ రోజు అన్నాను.

వనజ ముక్కు మీది గుడ్డ కిందికి లాగింది. "మా పిల్లవి కూడా ఈడే ఆరేసిందా?"

"మీ పిల్లకి మా పిల్ల చెప్పింది. మా పిల్లకి నేను చెప్పా."

"అయ్యయ్యో, మిరపకాయ మీదా!" అంది ఎవరో. ఇంకెవరో గొంతు తగ్గించి, "మరైతే ఆ కాయ ఏం చేత్తారు? రేపు బేరగాడొత్తంటే..." అంది.

తిరుపతమ్మ తాను ఏరుతున్న కాయని చేతిలోంచి వదిలేసింది. చేతులు చీరకి తుడుచుకుంది. నేను భయపడింది అదే.

"ఎందుకే తుడుచుకుంటావు? సబ్బేసి ఉతికిన గుడ్డలే అయి. గుడ్డలు కాయనేం చేశాయి? కాయే కదా పిల్లల్ని కాల్చింది."

"అమ్మా, ఇంటికి పో," అన్నాడు చిన్నప్ప. గొంతు పెంచలేదు. వాడి చేతిలో గోనెసంచి అట్లాగే ఉంది. ముఖం నల్లబడిపోయింది. నాలుగు నెలల పంట తల్లే ముంచిందని వాడి ముఖంలో రాసి ఉంది. నేను చదువుకోగలిగాను.

"పోతానయ్యా. ఆడ తనింట్లో కూర్చుని మాబున్నీసా కుట్లు ఇప్పతంది. నేను చెప్పకుండా ఇంటికి ఎట్టా పోను?"

అప్పుడు లూర్దు లేచింది. అందరికంటే ముందు మాబున్నీసాని తప్పుపట్టింది అదే, నా మీదకీ వస్తుందనుకున్నాను. రాలేదు. ఖాళీ తట్ట ఒకటి తీసుకుని తూర్పు మూలకి నడిచింది. పట్టా మడత తీసి, ఆ మూల కాయ రెండు చేతులతో తట్టలోకి దోయడం మొదలుపెట్టింది. ఒక తట్ట నిండింది. రెండో తట్ట తీసుకుంది.

"ఏం చేత్తన్నావే?" అన్నాడు చిన్నప్ప.

"ఈ కాయ ఇంటికి."

"ఇంటికెందుకు?"

"తినడానికి. అమ్మితే జనం మాట అనుకుంటారు. మనం తింటే ఎవరేం అనుకుంటారు? నా బిడ్డ గుడ్డలే కదా. నేను తింటా." తట్ట నెత్తికెత్తుకుని నా ముందు ఆగింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, ఘాటుకో మరి దేనికో. "నాతోనన్నా చెప్పొద్దా అత్తా? ఆమెని అంతంత మాటలన్నా కదా నేను," అని, నా జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు బేరగాడు వచ్చాడు. ఊళ్లో మాట అతని చెవిన పడిందో లేదో నాకు తెలియదు. చిన్నప్ప తనే చెప్పాడు, ఆ మూల కాయ తీసి ఇంటికి వాడుకున్నాం, తక్కింది చూసుకో అని. అతను నాలుగు కాయలు విరిచి చూసి, ఎప్పుడూ గీచేటట్టే రేటు గీచి, ఒప్పుకుని వెళ్లాడు. నా కొడుకు నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో వారం పట్టింది.

లూర్దూ వనజా శనివారం సాయంత్రమే మాబున్నీసా ఇంటికి వెళ్లారు. ఆమె ఉపవాసం విడిచేదాకా బయట అరుగు మీద కూర్చుని, తర్వాత లోపలికి వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తిరుపతమ్మ వెళ్లలేదు. ఈనాటికీ వాళ్ల పిల్లకి ప్యాకెట్లే కొంటోంది. టీచరమ్మ యాభైకి బదులు ముప్పై చాలంది. అవి పిల్లలకి పంచే రోజు మాబున్నీసా నన్ను రమ్మని కబురు చేసింది. ఎట్లా ఆరెయ్యాలో తను చెబితే సరిపోదట. ఎట్లా ఆరెయ్యకూడదో నేనే చెప్పాలట. వెళ్లాను. ముప్పై మంది ఆడపిల్లల ముందు నిలబడి చెప్పాను. వాళ్లు నవ్వలేదు. ఒక పిల్ల మాత్రం చెయ్యెత్తి, "మా ఇంట్లో దండెం మీద వేయనివ్వరు, ఏం చెయ్యాలి మామ్మా?" అని అడిగింది. మీ అమ్మని నా దగ్గరికి పంపమన్నాను. ఆ తల్లి ఇంకా రాలేదు.

బేరగాడు వచ్చి వెళ్లాక సోమవారం లూర్దు ఆ కాయ తొడిమలు తీసి, ముందు వాకిట్లో రోట్లో పోసి దంచింది. మిల్లుకి తీసుకెళ్తే మా తర్వాత ఎవరూ తమది పోయనివ్వరని దానికి తెలుసు. వీధిన పోయేవాళ్లు చూస్తూ పోయారు. ఒకరిద్దరు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఘాటుకన్నట్టు తొందరగా నడిచారు. లూర్దు రోకలి ఆపలేదు.

మాబున్నీసా సలోమికి కొత్త జత కుట్టి తీసుకొచ్చింది. డబ్బు ఇవ్వబోతే తీసుకుంది, వద్దనలేదు. నాకు అదే మంచిదనిపించింది. జత సలోమి చేతిలో పెట్టి, రోలు దగ్గర నిలబడింది.

"ఇది ఆ కాయేనా లూర్దూ?"

"ఆ కాయే."

మాబున్నీసా వంగి, రోటి అంచున అంటిన కారం వేలితో తీసుకుని నోటి దాకా తెచ్చుకుంది. అక్కడ ఆగి, వేలు దులిపేసుకుంది.

"ఉపవాసంలో ఉన్నా, రుచి చూడకూడదు. ఒక పొట్లం కట్టు, పొద్దుగూకినాక తింటా."

లూర్దు కాగితం కోసం లోపలికి వెళ్లింది. మాబున్నీసా అరుగు మీద, నాకు కాస్త ఎడంగా, కూర్చుంది.